కవరు తీయని రిమోట్

ఇందుమతి చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. చాప మీద కాళ్ళు చాపుకుని, చేట ఒళ్ళో పెట్టుకుని, ఒక్కొక్క కాయ కొసన గోటితో గిల్లి, ఈనె లాగి పక్కన పడేస్తోంది. వారంలో ఆరు రోజులు విశాఖలో కంప్యూటరు ముందు కూర్చుని, శనివారం సాయంత్రానికి సాలూరు చేరుకునే మనిషికి ఈ పని హాయిగానే ఉండాలి. కానీ ఒంట్లో అలసట ఒకచోట ఉంటే కదా, ఇంత అని తీసి పక్కన పెట్టడానికి.

తండ్రి గంగునాయుడు ప్లాస్టిక్ కుర్చీలో వెనక్కి వాలి టీవీ చూస్తున్నాడు. కొండ మీది ఊళ్ళకు బస్సు నడిపే డ్రైవరు ఆయన. ఇరవై ఎనిమిదేళ్ళుగా అదే ఘాట్ రోడ్డు. చేతిలో రిమోట్ ఉంది. కొన్ననాటి కవరు దానికి ఇంకా అలాగే ఉంది. ఊడిపోకుండా తల్లి తవిటమ్మ రబ్బరుబ్యాండు కూడా వేసింది. పసుపు మరకలు పడి, అంకెలు కూడా సరిగ్గా కనపడవు.

"ఇందూ! ఈ టీవీ నన్ను సెవిటిదాన్ననుకుంటందేటే?" వంటింట్లోంచి తవిటమ్మ అడిగింది. "పది రోజుల్నుండీ సెవిలో పెట్టుకునే మిషన్ల బొమ్మలే. ఒకటి పోతే ఇంకోటి."

"దానికి తెలిసిపోనాది," అన్నాడు గంగునాయుడు. "నాను పిలిస్తే నువ్వు పలకవు కదా. సూసుంటాది."

"మీ పిలుపు పిలుపులా ఉంటాదేటి? ఆవులించినట్టుంటాది. ఎవులు పలుకుతారు?"

ఇందుమతి నవ్వింది. ఆ బొమ్మలు ఎందుకొస్తున్నాయో ఆమెకు తెలుసు. నెల కిందట ఎదురింటి గౌరమ్మ పోయింది. ఆ వీధిలో ఎవరైనా పోతే పదకొండో రోజు దాటేదాకా ఏ ఇంట్లోంచీ పాటగానీ మాటగానీ బయటికి వినపడకూడదు. అలాగని టీవీ కట్టేసి కూర్చోవడం ఎవరివల్లా కాదు. అందుకని టీవీ గొంతు నొక్కేసి చూస్తారు. గంగునాయుడు కింద పాకే అక్షరాలు చదువుకుని వార్తలు తెలుసుకున్నాడు. తవిటమ్మ సీరియల్లో పెదాలు కదలడం చూసి, తనకు తోచిన కథ అల్లుకుని, మర్నాడు కుళాయి దగ్గర అందరికీ చెప్పింది. ఆ కథే బాగుందన్నారట.

ఇంట్లో అందరి చెవులూ బాగానే ఉన్నాయి. పదకొండు రోజులు శబ్దం లేకుండా టీవీ చూసిన ఇల్లంటే చెవిటివాళ్ళ ఇల్లని టీవీ అనుకుంది. ఏది చూశారు, ఎంతసేపు చూశారు, గొంతు ఎంత పెంచారు, అన్నీ అది రాసుకుంటుంది. రెండేళ్ళ కిందట ఆ టీవీని ఇంటికి తెచ్చింది ఇందుమతే. తాను పనిచేసే టీవీల సంస్థ తమ వాళ్ళకు సగం ధరకు ఇచ్చిన టీవీ. బిగించిన రోజు తెర మీద వరసగా ఏవేవో షరతుల కాగితాలు వచ్చాయి. సీరియల్ మొదలైపోతోందని తల్లి తొందరపెడుతుంటే, ఒక్క ముక్క చదవకుండా "సమ్మతిస్తున్నాను" అని ఇంట్లో ముగ్గురి తరఫునా తనే నొక్కేసింది.

*

సంస్థ ప్రయోగశాల విశాఖలో, సముద్రం కనపడే మెట్ట మీద, మూడో అంతస్తులో ఉంది. అక్కడ కిటికీలకు పగలూ తెరలే. సముద్రం ఉందని తెలుసుకోవడమే తప్ప చూసేవాళ్ళు లేరు.

కొత్తరకం రిమోట్లలో మీట కింద చిన్న పొర ఒకటి ఉంటుంది. బొటనవేలు ఎంత బరువుగా పడింది, ఎంతసేపు ఆగింది, ఎలా కదిలింది అన్నది దానికి తెలుస్తుంది. మీట నొక్కకపోయినా, వేలు ఊరికే దాని మీద ఆని ఉంటే చాలు. నరాల జబ్బు వల్ల వచ్చే చేతివణుకుకు ఒక లయ ఉంటుంది, సెకనుకు ఐదుసార్లు. డాక్టరు కంటికి ఆనడానికి రెండేళ్ళ ముందే ఆ లయ వేలికొసకు వస్తుందనీ, రిమోట్ దాన్ని పట్టేస్తుందనీ కనిపెట్టారు. ఎక్కడో చలిదేశాల్లో పరీక్షిస్తే పట్టేసింది కూడా.

ఇక్కడ మాత్రం పట్టలేదు. ఎనిమిది నెలలు నానా తంటాలు పడ్డారు. ఒకరోజు అందరికీ జబ్బున్నట్టు చూపించేది, ఒకరోజు ఎవరికీ లేనట్టు చూపించేది. పెద్ద పెద్ద చదువులవాళ్ళు వచ్చి తీగలు విప్పి చూశారు, లెక్కలు తిరగేశారు. చేరిన రోజు నుంచీ సమావేశాల్లో నోరు విప్పని ఇందుమతి ఒకనాడు మెల్లిగా అంది, "మేడమ్, ఇక్కడ ఎవరూ రిమోట్‌కి కవరు తీయరండి."

ముందు అందరూ నవ్వారు. తరువాత ఎవరూ నవ్వలేదు.

ఊళ్ళోంచి నలభై రిమోట్లు తెప్పించారు. ముప్ఫై ఏడింటికి కవర్లున్నాయి. కొన్నిటికి రబ్బరుబ్యాండ్లు, ఒకదానికైతే చీర అంచుతో కుట్టిన గలీబు. ప్లాస్టిక్ చప్పుడు ఏది, వేలి వణుకు ఏది అని రెంటినీ విడదీసే లెక్క తయారుచేయడానికి ఇందుమతికి నాలుగు నెలలు పట్టింది. ఆ లెక్క పనిచేసిన రోజున కేకు కోశారు. ప్రయోగశాల పెద్ద డాక్టర్ హైమవతి ఆమె భుజం తట్టి, "ఇన్ని లక్షల ఇళ్ళు మనకు తలుపు తీసినట్టే అమ్మాయ్," అంది. ఆ మాట అప్పుడు మెచ్చుకోలుగానే వినిపించింది.

మొదటి జాబితా తయారైంది. నాలుగు లక్షల ఇళ్ళలోంచి అరవై ఏడు. వాటిలో కవరు వల్ల పొరపాటున చేరినవేమైనా ఉంటే ఏరి తీసేయడం ఇందుమతి పని. ప్రతి ఇంటి పక్కనా రెండే గళ్ళు ఉంటాయి, "నిజం" అనీ "కవరు లోపం" అనీ.

"ఈ జాబితా ఎవరికి వెళ్తుందండి?" శుక్రవారం ఉదయం, పని మొదలుపెడుతూ అడిగింది.

"బండ్ల బీమా వాళ్ళకి. డ్రైవర్లకి లైసెన్సు పరీక్షలు చేసిపెట్టే వాళ్ళకి. అడిగినవాళ్ళకి," అంది హైమవతి. ఆమె కళ్ళ కింద నల్లటి వలయాలు ఎప్పుడూ ఉంటాయి. "పేర్లు ఇవ్వం. ఇంటి నంబరే."

"ఇంటి నంబరుంటే పేరు దొరకదా అండి?"

"దొరుకుతుంది," అని హైమవతి తన గదిలోకి వెళ్ళిపోయింది.

నలభై ఒకటో ఇల్లు తెర మీదికి వచ్చింది. పైన వేలి గీత. కింద శబ్దం గీత. శబ్దం గీత ఒకచోట నేల మీద పడుకున్నట్టు ఉంది, సరిగ్గా పదకొండు రోజులు సున్నా. ఇందుమతి తేదీలు చూసింది. గౌరమ్మ పోయిన రోజు, పెద్దకర్మ అయిన రోజు. అయినా ఏదో ఆశతో ఇంకా కిందికి వెళ్ళింది. రోజూ ఉదయం ఐదుంపావుకి ఒక ఐదు నిమిషాలు టీవీ వేస్తున్నారు, వార్తల్లో వాన సంగతి వచ్చేదాకా. ఆదివారం తప్ప. కొండ మీద వాన పడుతోందో లేదో చూసుకోకుండా తండ్రి డ్యూటీకి బయల్దేరడు.

గుమ్మం ముందు చెప్పుల జత చూసి లోపల ఎవరున్నారో చెప్పినట్టు, ఆ ఇల్లు ఎవరిదో ఆమెకు తెలిసిపోయింది.

శబ్దం లేని ఆ పదకొండు రోజులూ అక్షరాలు చదువుకుంటూ ఆయన రిమోట్ చేతిలోంచి దించలేదు. వేలు మీట మీదే ఉంది. అందుకే ఆ గీత మిగతా ఇళ్ళ గీతల కంటే తేటగా ఉంది. సెకనుకు ఐదు అలలు, ఒకే ఎత్తున, ఒకే దూరంలో. కవరు చప్పుడు ఎక్కడా లేదు. తన లెక్క దాన్ని శుభ్రంగా వడగట్టేసింది.

ఇందుమతి లేచి వెళ్ళి ముఖం కడుక్కుని వచ్చింది. గీత అలాగే ఉంది. కింద ఇంకో అంకె కూడా ఉంది. ప్రకటన మొదలయ్యాక ఛానెల్ మార్చడానికి ఆ ఇంట్లో చెయ్యి ఎంతసేపు తీసుకుంటోందన్నది. రెండేళ్ళ కిందట ఒక సెకను. ఇప్పుడు రెండున్నర.

"నిజం" నొక్కితే, వచ్చే నెల లైసెన్సు కొత్తది చేయించుకోవడానికి వెళ్ళినప్పుడు, ముక్కూ మొహం తెలియనివాడెవడో తండ్రికి ఆయన చెయ్యి గురించి చెబుతాడు. "కవరు లోపం" నొక్కితే, ఈ సంగతి లోకంలో తనకొక్కదానికే తెలిసి ఉంటుంది. తనకీ, రోజూ ఆయన వెనక కూర్చుని మలుపులు తిరిగే నలభై ఐదుమందికీ మధ్య ఇక ఎవరూ ఉండరు.

ఎంతసేపు కూర్చుందో తెలియదు. చివరికి "కవరు లోపం" నొక్కింది.

సాయంత్రం హైమవతి జాబితా తిరగేసి, "ఒక్కటే తీశావు," అంది.

"అవునండి."

"అన్నిటికంటే మంచి గీత అదే."

హైమవతి ఆమెకేసి కాసేపు చూసి కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "మా ఇంట్లో టీవీ తీగ పీకేసి ఏడాది దాటింది," అంది. "ఎందుకని మా ఆయన అడిగితే, కళ్ళకి మంచిది కాదని చెప్పాను." జాబితా మీద సంతకం చేసింది.

అరవై ఆరు ఇళ్ళు వెళ్ళిపోయాయి. ఆ ఇళ్ళలోనూ ఎవరో ఒకరు నిశ్చింతగా కుర్చీలో వాలి, రిమోట్ పట్టుకుని కూర్చుని ఉంటారు.

*

ఆదివారం గంగునాయుడికి సెలవు. బజారుకి వెళ్ళి చేపలు తెచ్చి, ఇంట్లో అడుగుపెట్టేసరికి ఇందుమతి టీవీ ముందు నేల మీద కూర్చుని ఉంది. తెర మీద అక్షరాలు తప్ప బొమ్మ లేదు.

"ఉదయం నుండీ అదే తంతు," అంది తవిటమ్మ చేపల సంచి అందుకుంటూ. "ఒక గదిలోకి ఎల్తే ఇంకో గది, అందులోకి ఎల్తే ఇంకోటి. నా సీరియల్ పోతే మాత్రం ఊరుకోను."

"డిష్ మీద వస్తాది అమ్మా. నెట్ ఒక్కటే తీసేస్తున్నాను."

తొమ్మిది తెరలు దాటి లోపలికి వెళితే గాని ఆ మీటలు దొరకలేదు. "మీరు చూసేది గుర్తించుట" అని ఒకటి. "రిమోట్ అనుభవాన్ని మెరుగుపరచుట" అని ఇంకొకటి. రెండోదే వేలి సంగతి. తీసేస్తానంటే, నిజంగానా అని టీవీ మూడుసార్లు అడిగింది.

"ఏటి సేత్తన్నావమ్మా?" గంగునాయుడు కుర్చీలో కూర్చున్నాడు.

"ఇది మనల్ని సూస్తాది నాన్నా. అది ఆపేస్తున్నాను."

"సూస్తే సూడనీ. బనీనుతో కూకున్న నన్ను సూసుకుని అది ఏటి బాగుపడతాది?"

"కళ్ళతో కాదు. నీ బొటనవేలితో." తల ఎత్తకుండానే చెప్పింది. "రిమోట్ పట్టుకున్నప్పుడు వేలు ఎలా కదుల్తాదో రాసుకుంటాది."

"రాసుకుని?"

వంటింట్లో కత్తిపీట చప్పుడు ఆగింది. గంగునాయుడు తన కుడిచేతిని ఒకసారి చూసుకుని, తీసి తొడ కింద పెట్టుకున్నాడు.

"ఎవులు సూసినారు?" అన్నాడు.

"నేనే. నేనొక్కదాన్నే నాన్నా. సెరిపేసినాను. ఇంకెవరికీ ఎల్లదు."

తవిటమ్మ తడిచేతులతో గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "ఆరు నెలలయింది," అంది. "సొక్కా పైగుండీ నానే పెడతన్నాను."

"నువ్వూరుకో."

"ఊరుకునే ఉన్నాను కదా ఇన్నాళ్ళూ."

గంగునాయుడు కూతురి వైపు తిరిగాడు. "స్టీరింగు పట్టుకుంటే ఉండదమ్మా. ఒట్టు. సెయ్యి ఊరికే ఉన్నప్పుడే వస్తాది. గేరేసినా, బ్రేకేసినా రాదు. ఇరవై ఎనిమిదేళ్ళు ఆ కొండ మీద బండికి ఒక్క గీత పడనిచ్చినానా?"

ఆ మాట నిజమేనని ఇందుమతికి తెలుసు. ఈ వణుకు పని చేస్తున్న చేతిలో దాక్కుంటుంది. అందుకే మనుషులు దాన్ని నమ్మరు. అలసట కాబోలు, వయసు కాబోలు అనుకుంటారు.

"వణుకు కాదు నాన్నా," అంది. "ప్రకటన రాగానే ఛానెల్ మారుస్తావు కదా. ముందు ఒక్క సెకనులో మార్చీవోడివి. ఇప్పుడు రెండున్నర పడతంది. మలుపులో లారీ ఎదురైతే…"

ఘాట్ రోడ్డు మలుపులన్నీ ఆయన చెప్పగా విన్నవే. ఏ మలుపు దగ్గర హారను ఎన్నిసార్లు కొట్టాలో చిన్నప్పుడే నేర్పాడు.

"నా సెకన్లు లెక్కెట్టినావా అక్కడ కూకుని?" గంగునాయుడు గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. "పోయిన ఆదివారం ఇదే సాప మీద ఎదురెదురుగా కూకుని అన్నం తిన్నాం. నా సెయ్యి సూసినావా?"

చూడలేదు. ఆ రోజు ఏం కూర వండారో కూడా గుర్తు లేదు. తింటున్నంతసేపూ ప్లాస్టిక్ చప్పుళ్ళ గురించే ఆలోచించింది.

"మీ యమ్మ సూసింది," అన్నాడు. "సూసి గుండీ పెట్టింది."

తవిటమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ నిలబడింది. లోపలికీ పోలేదు, బయటికీ రాలేదు.

"డిపో గేటు కాడ సూర్నారాయణని సూసినావు కదమ్మా. వాడూ కొండ డ్రైవరే. నడుం పోయిందని అన్‌ఫిట్ అన్నారు. కుర్సీ ఏసి గేటు కాడ కూకోబెట్టినారు. వచ్చే బస్సు నంబరూ, పోయే బస్సు నంబరూ రాసుకుంటాడు. మొన్నటిదాకా అన్నా అన్నోళ్ళే ఇప్పుడు, ఏయ్ గేటూ, అంటన్నారు. నాకింకా నాలుగేళ్ళ సర్వీసుంది."

"నేను ఎవరికీ సెప్పను నాన్నా. డిపోకి ఫోను సెయ్యను. మా ఆఫీసులో సెప్పను. అది నీ సంగతి. నువ్వే ఎవరికైనా సెప్పాల, మానాల."

"మరేటి నీ బాధ?"

ఇందుమతి రిమోట్ పక్కన పెట్టి లేచి నిలబడింది. "రేపు కొండ బస్సు నువ్వు తోలితే, నీ ఎనక ముందుసీటు నాది. ఎల్లుండీ నాదే. నువ్వు తోలినన్నాళ్ళూ నేను ఎక్కుతాను. విశాఖ పోను."

"పిచ్చిదానివేటే?" అంది తవిటమ్మ.

చేపల పులుసు వండారు, ముగ్గురూ తిన్నారు. ఈసారి ఇందుమతి చూసింది. ముద్ద కలిపేటప్పుడు ఆ చెయ్యి మామూలుగానే ఉంది. ముద్ద దిగి, చెయ్యి ఆకు అంచున ఆగినప్పుడు మాత్రం బొటనవేలు దానంతటది చూపుడువేలిని తాకుతూ, వదులుతూ, ఎవరో కనపడకుండా నాణేలు ఎంచుతున్నట్టు కదిలింది. తాను చూడడం ఆయన చూశాడు. చెయ్యి మాత్రం దాచుకోలేదు.

ఆ మధ్యాహ్నం నుంచి ఎవరూ టీవీ వేయలేదు. తవిటమ్మ కూడా సీరియల్ సంగతి ఎత్తలేదు. ఆపాల్సినవన్నీ ఆపినా, మధ్యలో ఆ నల్లటి అద్దం గోడ మీద అలాగే ఉంది, ముగ్గురూ అందులో మసకగా కనపడుతూ.

*

సోమవారం తెల్లవారేసరికి ఇందుమతి తల దువ్వుకుని, సంచి భుజాన వేసుకుని గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుంది. కొండ బస్సు ఆరున్నరకి. వీధిలో ఎవరో కళ్ళాపి చల్లుతున్నారు.

గంగునాయుడు స్నానం చేసి ఖాకీ చొక్కా వేసుకుని వచ్చాడు. పైగుండీ విడిగా ఉంది. ఎప్పుడూ వంటింట్లోకి వెళ్ళి, తలుపు చాటున తవిటమ్మ చేత పెట్టించుకుంటాడు కాబోలు. ఇవాళ నడి ఇంట్లో, కూతురి ఎదురుగా నిలబడి గడ్డం పైకి ఎత్తాడు. తవిటమ్మ వచ్చి గుండీ పెట్టి, చొక్కా భుజం ఒకసారి సవరించి పక్కకు తప్పుకుంది.

ఆయన వాన సంగతి చూసుకోలేదు. సీటు మీద పరుచుకునే తువ్వాలు దండెం మీదే వదిలేశాడు. బీరువా తీసి, లైసెన్సూ, పాత వైద్యపరీక్షల కాగితాలూ ఉన్న సంచీ తీసుకుని చంకలో పెట్టుకున్నాడు.

"క్యారేజీ," అంది తవిటమ్మ, మూత బిగించిన క్యారేజీ ముందుకు చాపి.

ఆయన చూశాడు గాని అందుకోలేదు. చెప్పులు వేసుకున్నాడు. ఇందుమతి స్టూలు మీంచి లేవబోతే, కుడిచేతిని ఆమె భుజం మీద వేసి, మెల్లిగా నొక్కి కూర్చోబెట్టాడు. ఆ చెయ్యి అలా ఆగి ఉన్నంతసేపూ వణుకు ఆమె భుజంలోకి దిగింది, ఒకే లయలో. ఎన్ని వందల గీతల్లో చూసినా అది ఇలా ఉంటుందని ఆమెకు తెలియదు. ఇంత చిన్నదని, ఇంత వెచ్చగా ఉంటుందని.

డ్యూటీకి పోయే రోజు గడప దాటుతూ "ఎల్లొస్తాను" అనకుండా వెళ్ళిన మనిషి కాదు. కొండకి వెళ్ళేవాళ్ళు ఆ మాట చెప్పే వెళ్ళాలని ఆయనకు పట్టింపు. పెళ్ళాంతో దెబ్బలాడిన రోజున కూడా గోడకేసి తిరిగి అనేసి వెళ్ళేవాడు.

చెయ్యి తీశాడు. గడప దాటాడు. కళ్ళాపి తడి మీద అడుగులు వేసుకుంటూ, వెనక్కి తిరగకుండా, ఆ మాట అనకుండా డిపో వైపు వెళ్ళిపోయాడు.